రేటు తర్వాత అడగండి, ముందు కాంట్రాక్టర్ చేసిన పాత బాత్రూమ్ చూడండి

ఇల్లు బాగు చేయించుకునే స్నేహితులంతా ఈ మధ్య వరసగా ఒకటే అడుగుతున్నారు. "మంచి కాంట్రాక్టర్ ఎవరైనా ఉంటే చెప్పు, చదరపు అడుగుకి ఎంత తీసుకుంటాడు?" ఆ రెండో ప్రశ్న వింటేనే నాకు భయమేస్తుంది. నేనూ అక్కడే మొదలుపెట్టి దెబ్బతిన్నాను.

మా బాత్రూమ్ కొత్తగా చేయించడానికి ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుని, అందరికంటే తక్కువ చెప్పినాయనకే పని అప్పజెప్పాం. చకచకా అయిపోయింది. టైల్స్ మెరిసిపోతుంటే ముచ్చటపడి పైసాతో సహా లెక్క తేల్చేశాం. ఏడాది తిరక్కముందే గోడకి అవతలి వైపు, పడగ్గదిలో మంచం తలాపు దగ్గర పెయింట్ ఉబ్బింది. వేలితో నొక్కితే ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలింది. ఆ గోడకి ఆనించిన బీరువాలో బట్టలన్నీ ముక్కిపోయిన వాసన. పగలగొట్టి చూస్తే టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పూత అసలు లేదు. కొటేషన్ కాగితం తీసి చూశాను. "బాత్రూమ్ పని, మెటీరియల్‌తో సహా" అని ఒక్క లైను. దాన్ని పట్టుకుని ఏమని నిలదీస్తాను? ఫోన్ చేస్తే కొన్నాళ్లు రేపన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు.

ఇంటి పనిలో అసలైనదంతా పైకి కనపడదు. నీళ్ల పైపులు గోడలో, వైర్లు గొట్టాల్లో, పూత టైల్ కింద. మూసేశాక మంచి పనికీ చెడ్డ పనికీ తేడా తెలియదు. అందుకే మూసేముందు మనల్ని పిలిచి చూపించే మనిషి కావాలి. నేను ఇప్పుడు వెతికేది ఆ ఒక్క గుణం కోసమే.

ఫోన్‌లో ఫొటోలు అందరూ చూపిస్తారు. అవన్నీ తాళాలు అప్పగించిన రోజు తీసినవి. ఆ రోజు ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. "రెండేళ్ల కిందట చేసిన ఇల్లు చూపించండి" అని అడగండి. వెళ్తే హాలు చూసి వచ్చేయకండి, బాత్రూమ్‌లోకి వెళ్లండి. డ్రైన్‌కి దూరంగా ఉన్న మూలలో మగ్గుడు నీళ్లు పొయ్యండి. తిన్నగా జాలీ వైపు పారాలి, ఎక్కడా మడుగు కట్టకూడదు. నాణెంతో టైల్స్ మీద తట్టండి. డొల్లగా మోగితే కింద సిమెంటో గమ్మో సరిగా పరచలేదన్నమాట. ఆ ఇంటివాళ్లతో కాంట్రాక్టర్ పక్కన లేనప్పుడు మాట్లాడండి. వాళ్లని అడగాల్సింది ఒకటే: "డబ్బంతా ఇచ్చేశాక ఏదైనా తేడా వస్తే, పిలిస్తే వచ్చాడా?"

మన ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఏం చేస్తాడో కూడా గమనించండి. గుమ్మంలో నిలబడే మొత్తం అంకె చెప్పేసేవాడితో నాకు పని లేదు. టేపు తీసి కొలవాలి. పాత లైన్లు ఎటు వెళ్తున్నాయో చూడాలి. పని జరిగేటప్పుడు మీరు ఇక్కడే ఉంటారా, రోజూ సైట్‌లో ఎవరుంటారు అన్నవి మాట్లాడుకోవాలి. "ఇది పగలగొడితేగానీ చెప్పలేనండీ" అన్న మాట కొందరికి తెలియనితనంలా వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ మాట అన్నవాడి మీదే నమ్మకం కుదురుతుంది.

అన్నీ కాగితం మీద పెట్టించండి. టైల్ కంపెనీ, సైజు, వైరు ఎన్ని చదరపు మిల్లీమీటర్లది, పూత ఎన్నిసార్లు వేస్తారు, ప్లాస్టరింగ్‌కి ఎన్ని రోజులు నీళ్లు కొడతారు, పగలగొట్టిన చెత్త ఎవరు ఎత్తిపోస్తారు. అదనపు పని ఏదైనా సరే, రేటు రాసుకున్నాకే మొదలవ్వాలి. లెక్కలు తలకిందులయ్యేది అక్కడే. డబ్బు తారీఖుల్ని బట్టి కాకుండా పూర్తయిన పనిని బట్టి ఇవ్వండి, చివరి 10 శాతం మాత్రం నెల రోజులు వాడి చూశాకే. మొదట్లోనే సగం అడిగాడంటే, మీ డబ్బుతో వేరే ఇంటి పని ముగిస్తాడేమోనని అనుమానించాల్సిందే.

ఇంకోటి కూడా చెప్పాలి. కాంట్రాక్టర్లంతా మోసగాళ్లే అనే మాట నేను ఒప్పుకోను. న్యాయంగా చెప్పిన రేటుని గీచిగీచి బేరమాడి మూడోవంతు తగ్గిస్తే, ఆ తగ్గింపు ఎక్కడినుంచి వస్తుంది? మనకి కనపడని పూతలోంచే వస్తుంది. రోజుకో డిజైన్ మార్చి, ఇవ్వాల్సిన డబ్బు వారాలు నానబెట్టేవాళ్ల దగ్గర మంచి మేస్త్రి నిలవడు.

ఆ బాత్రూమ్ మళ్లీ పగలగొట్టి చేసినాయన రేటు మొదటాయన కంటే బాగా ఎక్కువ. పైపులు మూసేముందు ప్రెషర్ పెట్టి, మీటర్‌లో ముల్లు కిందికి దిగడం లేదని, అంటే ఎక్కడా లీకు లేదని నాకు చూపించాడు. ప్రతి గోడకీ టేపు పెట్టి ఫొటోలు తీసి పంపించాడు. రేపు మేకు కొట్టాలంటే పైపు ఎక్కడుందో తెలియాలి కదా అన్నాడు. పూత ఆరాక డ్రైన్‌కి బిరడా కొట్టి నీళ్లు నిలబెట్టి, ఆ మట్టానికి గోడమీద పెన్సిల్‌తో గీత గీశాడు. "రేపు ఇదే టైముకి మీరే వచ్చి చూడండమ్మా, గీత దగ్గర నీళ్లుంటేనే టైల్స్ మొదలుపెడతా" అన్నాడు. మర్నాడు వెళ్లి వంగి చూశాను. నీళ్లు గీతకి ఆనుకునే ఉన్నాయి, పడగ్గది గోడ తడిమితే పొడిగా ఉంది. అప్పుడే టైల్స్ పెట్టె విప్పాడు.