కనుమనాడు మావయ్యగారికి దండ పడింది

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. మొన్నటి కనుమకి మాత్రం తాడేపల్లిగూడెం నుంచి ఒక కారు, ఏలూరు నుంచి రెండు మోటారు సైకిళ్లు, ఆచంట నుంచి ఒక ఆటో కదిలాయి. అన్నీ పాలకొల్లు పక్కనున్న మా అత్తారి ఊరికే వచ్చాయి. వాటిని కదిలించిన పుణ్యాత్ముణ్ని నేనే.

నాకో వ్యసనం ఉంది. పేకాట కాదు, ఫోటోల పిచ్చి. వాట్సాప్‌లో మాదొక గుంపు, అరవై మందిమి. వారానికో ఫోటో పెడతారు. దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు 24 గంటల్లో మార్చి పెట్టాలి. ఎక్కువ మందిని నవ్వించినవాడు గెలిచినట్టు. "గెలిస్తే ఏమిస్తారు?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. తర్వాతి వారం ఫోటో పెట్టే హక్కు ఇస్తారన్నాను. మళ్లీ అడగలేదు.

దీంట్లో కష్టమంతా జుట్టు దగ్గరే. మనిషిని వెనకనున్న గోడ నుంచి విడదీయాలంటే ఒక్కో వెంట్రుకా పట్టుకుని గీయాలి. తొందరపడితే తల చుట్టూ తెల్లటి అంచు మిగిలి, మనిషి క్యాలెండరులోంచి చింపినట్టు కనిపిస్తాడు. రాత్రి రెండింటిదాకా ఎవరి ఉంగరాల జుట్టుతోనో కుస్తీపట్టి, పొద్దున్న ఆఫీసులో కునికిపాట్లు పడ్డ రోజులు నాకున్నాయి. అందుకే బట్టతల ఫోటో వస్తే మాకు పండగ.

ఆ లెక్కన మా మావయ్యగారు దేవుడిచ్చిన వరం.

సంక్రాంతినాడు గుమ్మడికాయ దప్పళం, పులిహోర, ఆరు బొబ్బట్లు లాగించి, ఆయన వీధరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు. బనియను, గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. విసురుకుంటూ విసురుకుంటూనే నిద్రలోకి జారిపోయారేమో, కుడిచేతిలో విసనకర్ర గాల్లోనే ఆగిపోయింది. నోరు మాత్రం ఆగలేదు, పూర్తిగా తెరుచుకుంది. బట్టతల మీద జనవరి ఎండ మెరుస్తోంది. ఆ వారం ఫోటో పెట్టే హక్కు నాదే. ఇంతకంటే ఏం కావాలి? తీశాను, పెట్టాను. ఊళ్లో కోడిపందేలు, నా ఫోన్లో ఫోటో పందెం.

సాయంత్రానికల్లా మావయ్యగారు ముల్లోకాలూ తిరిగొచ్చారు. ఒకాయన చంద్రయాన్-3 విక్రమ్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నీడ కూడా సరైన వైపు పడేలా చూశాడు, అక్కడ నేను లేచి దణ్ణం పెట్టాను. ఇంకొకామె రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి మీంచి వచ్చే గూడ్సు బండిని తిన్నగా ఆయన నోట్లోకి పంపింది. భీమవరం కుర్రాడు ఆయన్ని బరిలో దింపి, విసనకర్ర ఊపి పుంజుల్ని వదిలే పెద్దమనిషిని చేశాడు. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మా ఆవిడ వచ్చి, ఎందుకని అడిగింది. ఆఫీసు జోకన్నాను. పండగపూట అబద్ధమాడితే ఇలాగే అవుతుంది.

మర్నాడు, అంటే కనుమ పొద్దున్న, స్టూడియో బాబాయి తన బొమ్మ పెట్టారు. ఆయనకి డెబ్భై దాటాయి. నలభై ఏళ్లు స్టూడియో నడిపారు. పెన్సిలు సన్నగా చెక్కి, నెగెటివు మీద మొహంలో ముడతలు చెరిపిన చెయ్యి అది. ఆయన వ్యాపారంలో సగం పోయినవాళ్ల ఫోటోలే. ఆ రోజుల్లో చాలామంది బతికున్నన్నాళ్లూ తమకంటూ ఒక్క ఫోటో తీయించుకోలేదు. పోయాక కొడుకులు ఏదో పెళ్లి గ్రూపు ఫోటో పట్టుకొచ్చి, మూడో వరసలో బొటనవేలి గోరంత మొహం చూపించి, "ఇదిగో మా నాన్న, గోడకి పెట్టుకునేంత చెయ్యండి" అనేవాళ్లు. బాబాయి ఆ మొహాన్ని పెద్దది చేసి, మూసిన కళ్లు తెరిపించి, చొక్కా లేనివాడికి కోటు తొడిగి పంపేవారు.

చెయ్యి నేర్చిన పని ఊరుకుంటుందా? మావయ్యగారి నోరు మూశారు. కళ్లు తెరిచారు. బనియను పోయి నల్లకోటు, టై వచ్చాయి. వెనకాల అరుగుకి బదులు లేతనీలం మబ్బు, తల చుట్టూ సన్నటి వెలుగు. ఇక మెడలో, ఆ గుండె మీద వంపు తిరిగి పడే గంధపు దండ. కింద రెండు దీపాలు. తర్వాత నేను నిలదీస్తే, "అది సన్మానం దండ సార్" అన్నారు. మరి దీపాలెందుకంటే, "ఖాళీ వచ్చింది సార్" అన్నారు.

నాకు మాత్రం కోటే కనబడింది. ఎంత దర్జాగా ఉన్నారు మనిషి! మురిసిపోయి, నూట పన్నెండు మందున్న మా అత్తారి బంధువుల గ్రూపులోకి పంపేశాను. ఊరికే పంపితే పోయేది. పైన ఒక మాట రాశాను: "మొత్తానికి మావయ్యగారు ఇలా ఫ్రేములోకి వెళ్లిపోయారు!" పక్కన రెండు దణ్ణాలు. ఫోను ఛార్జింగులో పెట్టి, చద్దన్నం తిని, మేడ మీద గదిలో పడుకున్నాను.

ఆ తర్వాత జరిగింది మా బావమరిది చెప్పగా విన్నదే. మొదటి ఫోను ఏలూరు నుంచి, అత్తయ్యగారి పిన్ని కొడుకు. ఆయన చేసింది మావయ్యగారి నంబరుకే. ఇంట్లో కుర్రాళ్లెవరో తీస్తారనుకున్నాడు పాపం.

"బాబూ, మా అక్క ఎలా ఉంది?"

"గారెలు వేస్తోంది."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"అప్పుడే గారెలేంటి బాబూ? దానికింకా పన్నెండు రోజులుంది కదా!"

"కనుమ ఇవాళైతే పన్నెండు రోజులేంటి? అయినా ఎవరు మాట్లాడేది?"

"బావగారు పోయిన ఇంట్లో కనుమేంటి?"

"ఏ బావగారు?"

ఆయన పేరు చెప్పాడు. "నేనే" అన్నారు మావయ్యగారు. ఫోను కిందపడ్డ చప్పుడు వినిపించిందట. అయినా అప్పటికే రెండు బళ్లు బయల్దేరిపోయాయి. వాటిని నడిపేవాళ్లకి హెల్మెట్లలో ఫోన్లు వినబడలేదు.

నేను కిందికి దిగేసరికి ఆచంట పెద్దత్తయ్య ఆటో దిగుతున్నారు. మావయ్యగారికి స్వయానా అక్క, ఎనభై దాటిన మనిషి. వీధి మొదట్లోనే శోకం ఎత్తుకుని, "నాకంటే ముందు వెళ్లిపోయావా తమ్ముడూ" అంటూ వచ్చారు. గేటు తీసింది ఆ తమ్ముడే. ఆవిడ చూసింది, గుర్తుపట్టింది, కానీ అంత ఊపులో ఉన్న ఏడుపు టక్కున ఎలా ఆగుతుంది? ఆయన్నే కావలించుకుని మరో నాలుగు మాటలు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, వీపు మీద ఒక్కటిచ్చింది. "కాకులు జత కట్టడం చూశావేంట్రా? పూర్వం దోషం పోవడానికి ఇలాగే ఉత్తుత్తి చావుకబురు పంపేవాళ్లు" అంది.

అందరూ నావైపు చూశారు. మా ఆవిడ చూపు గురించి రాయను. కొన్ని ఇంట్లోనే ఉండాలి.

పెద్దత్తయ్య నా ఫోను లాక్కుని బొమ్మని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "ఒరేయ్, ఇది మీ బావ కోటు" అంది. నల్ల గుండీలు, పైజేబులో మడిచిన తెల్ల రుమాలు, ఎడమ భుజం కాస్త కిందికి. గూడెం నుంచి వచ్చినాయన తొంగిచూసి, "మా నాన్నదీ ఇదే!" అన్నాడు. ఆయన ఫోనులో వాళ్లింటి గోడ ఫోటో ఉంది. నిజమే, అదే రుమాలు, అదే వంగిన భుజం. ఎంతమంది పెద్దలు ఆ ఒక్క కోటులోంచి పైకి వెళ్లారో బాబాయికే తెలియాలి.

వచ్చినవాళ్లు నాలుగు చామంతి దండలు తెచ్చారు. పశువుల పండగ కాబట్టి వృథా పోలేదు, గేదెలకి వేశాం. కనుమనాడు ప్రయాణం కూడదని అత్తయ్యగారు ఎవర్నీ తిరిగి వెళ్లనివ్వలేదు. మినప్పప్పు మళ్లీ నానబోసి రుబ్బారు. రెండో కోడిని కోశారు. మావయ్యగారు మాత్రం అరుగు మీద నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. ఎవరెవరు వచ్చారో ఒక పేజీ, ఎవరు రాలేదో ఇంకో పేజీ. రెండో పేజీలో మొదటి పేరు సొంత తమ్ముడిది. "ఓం శాంతి అని స్టిక్కరు పెట్టాడు అల్లుడూ. ఫోను లేదు, రాక లేదు. స్టిక్కరు!"

ఆ కోపం చల్లారాక అసలు సంగతికి వచ్చారు. ఫోటో ఆయనకి నచ్చింది. కోటులో హుందాగా ఉన్నానన్నారు. దండ, దీపాలు తీయించి పెద్దది చేయించమన్నారు. బాబాయికి ఫోను చేశాను.

"దండ రాదు సార్. లేయర్లన్నీ కలిపేసి సేవ్ చేశాను."

ఫోటోషాప్‌లో లేయర్లు 1994లో మూడో వెర్షనుతోనే వచ్చాయి. బొమ్మని పొరలు పొరలుగా ఉంచుకుని, ఏ పొర కావాలంటే అది తీసేసుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా ఉన్న సౌకర్యాన్ని ఆయన పని అయిపోగానే ఇస్త్రీ చేసినట్టు చదును చేసేస్తారు.

"పోనీ దండ కింద ఏముందో గీయలేరా?"

"దండ కింద కోటు లేదు సార్. మన కోటు మొదట్నుంచీ దండతోనే వస్తుంది."

రాత్రి గుంపులో కొత్త పందెం పెట్టాను: దండ తీయండి. తొమ్మిది బొమ్మలొచ్చాయి. ఒకదాంట్లో దండ పోయి టై రెండయింది. ఒకదాంట్లో గుండె మీద మూడో చెయ్యి మొలిచింది. చంద్రుడి నీడ సరిగ్గా వేసినాయన దండని నీటుగా తీశాడు గానీ, దాంతో గడ్డం కూడా పోయింది. తొమ్మిదీ ఒక్కొక్కటే మావయ్యగారికి చూపిస్తుంటే, గారెల పళ్లెంతో అటుగా వచ్చిన అత్తయ్యగారు ఆగి చూశారు.

"ఆ మొదటిదే ఉంచుకోండి. దండతో సహా. మళ్లీ ఇంకోసారి ఎందుకు ఖర్చు?"