కాంటెస్సా గారూ, ముందు మీ సీ బుక్కు చూపించండి

మహారాజశ్రీ హిందుస్థాన్ మోటార్స్ వారి పాత కారు కాంటెస్సా గారికి, నెల్లూరు మాగుంట లేఔట్ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని కళ్ళారా చూసే వచ్చాను కాబట్టి ఆ ముక్క అడగడం లేదు.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల పక్కన రేకుల షెడ్డులో తమరు కొలువై ఉన్నారని, రెండున్నర లక్షలిస్తే తమరిని ఇచ్చేస్తారని మా బావమరిది చెబితే చూడ్డానికి వచ్చాను. మీ ఓనరు అనేది ఒకటే మాట: "బండికి ఏం లేదన్నా, బ్యాటరీ ఏస్తే స్టార్టు." నిజమే, బ్యాటరీ లేదు. దాంతో పాటు వెనక లైటు ఒకటి, ఎడమ వైపు బీడింగు మొత్తం, సైలెన్సర్‌లో సగం కూడా లేవు. వెనక సీట్లో మాత్రం కోడి ఉంది. అది గుడ్ల మీద కూర్చుని మమ్మల్ని చూసిన చూపుకి, అసలు ఓనరు అదేనేమో, బేరం దాంతోనే ఆడాలేమో అనిపించింది. పాత బండి అమ్మే ప్రతివాడికీ ఈ "బ్యాటరీ ఏస్తే స్టార్టు" అనే మంత్రం ఎవరు ఉపదేశిస్తారో గానీ, కావలి నుంచి తడ దాకా ఎక్కడ అడిగినా ఒక్క అక్షరం తేడా రాదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ మధ్య కుర్రాళ్ళు తమరిని ఇండియన్ మజిల్ కార్ అంటున్నారు. తమరు కూడా కాదనకుండా, బానెట్ ముందుకు చాపుకుని, ఆ పొగడ్త అంతా మింగుతున్నారు. కాస్త లెక్క చూసుకుందామా? అమెరికాలో 1964లో పాంటియాక్ జీటీఓ వచ్చింది. మధ్యరకం కారు తీసుకుని దాంట్లో 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే మన లెక్కలో 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8, దూర్చేశారు. 325 గుర్రాలు, అంటే హార్స్‌పవర్. మజిల్ కార్ అనే పేరు జనం నోట నలిగింది ఆ జాతి బళ్ళ వల్లే. 1973లో చమురు సంక్షోభం వచ్చాక ఆ తిండిపోతు ఇంజన్లను పోషించలేక వాళ్ళే చేతులెత్తేశారు. మరి తమరు? 1970ల నాటి ఇంగ్లండు వాక్సాల్ విక్టర్ ఒళ్ళు అరువు తెచ్చుకుని, 1984లో బెంగాల్లో, ఉత్తరపారాలో పుట్టారు. పుట్టినప్పుడు తమరి లోపల పెట్టింది అంబాసిడర్ ఇంజన్. 1489 సీసీ, యాభై గుర్రాలు, అవి కూడా సోమవారం పొద్దున ఆఫీసుకి పోయే గుర్రాలు. ఒంగోలు గిత్త ఒంట్లో మేకపిల్ల గుండె పెట్టినట్టు. తర్వాత ఇసుజు వాళ్ళ 1.8 లీటర్ పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు వచ్చి పరువు నిలబెట్టాయి గానీ, అప్పుడు కూడా 88 గుర్రాలే. ఈ రోజు మా వీధిలో కూరగాయలకు పోయే చిన్న కారుకి కూడా దాదాపు అన్నే ఉన్నాయి, ఆ కారుని మజిల్ అని ఎవరూ పిలవరు, అది కూడా పిలిపించుకోదు.

అయినా తమరి ముఖం చూశాక ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, అదే నా బాధ. ఆ పొడుగు బానెట్, ఆ చదునైన డిక్కీ, వెనక చక్రాలు నెట్టే నడక. సినిమాలో విలన్ తెల్ల బూట్లతో దిగాలంటే తమరిలోంచే దిగాలి. మంత్రిగారు ఊరికి వస్తే ముందు తమరు, వెనక జీపులు. అంబాసిడర్‌లో ఆఫీసరు వస్తాడు, తమరిలో డబ్బున్నవాడు వస్తాడు, అంతే తేడా, కానీ చిన్నప్పుడు రోడ్డు పక్కన నిలబడి చూసినవాడికి అది చాలా పెద్ద తేడా.

తమరు ఆ షెడ్డుకి ఎలా చేరారో కూడా తెలిసింది. 1990ల మొదట్లో ఈ తీరంలో టైగర్ రొయ్య బంగారం పండింది. వరి మళ్ళు గుంటలయ్యాయి, గుంటల మీద డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో మేడలు, పెళ్ళిళ్ళు, కార్లు. మీ ఓనరు నాయన 1992లో తమరిని కొన్నాడు, ఏపీ 26 నంబరు వేయించాడు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టేసింది. 1996 డిసెంబరులో తీరంలో రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. పెద్దాయన తమరిని అమ్మలేదు, అమ్మితే ఊళ్ళో చితికిపోయాడంటారని. పెట్రోలు కొట్టించి తిరగనూ లేదు. అలా గుడ్డ కప్పి పెట్టారు. తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చి మళ్ళీ డబ్బు కనపడేటప్పటికి కొత్త కారు కొన్నారు గానీ తమరి గుడ్డ తియ్యలేదు. రొయ్య పోయినా రొయ్య వచ్చినా తమరికి షెడ్డే.

ఉప్పుగాలిలో ఇన్నేళ్ళు ఉన్నాక తుప్పు సంగతి మాట్లాడుకోవాల్సిందే. చూడ్డానికి వచ్చేవాళ్ళంతా ముందు బానెట్ ఎత్తుతారు, ఇంజన్ వంక చూసి తల ఊపుతారు, అర్థమైనా కాకపోయినా. నేను కింద పడుకున్నాను. ఎందుకంటే తమరికి లారీలకు ఉన్నట్టు విడిగా చాసిస్ ఫ్రేమ్ లేదు, బాడీయే చాసిస్. ఇంజన్ పాడైతే విప్పి బోరు చేయించుకోవచ్చు, పిస్టన్లు, రింగులు మార్చుకోవచ్చు. తలుపుల కింద అంచు, ఫ్లోరు, వెనక స్ప్రింగులు పట్టుకునే చోటు తుప్పు తింటే మాత్రం అక్కడ పోయింది పెయింటు కాదు, తమరి ఎముక. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వచ్చాను, మీ ఓనరుకి అది నచ్చలేదు. డోర్ల మీద చక్కగా అతుక్కుంది. వెనక చక్రం పైన వంపు దగ్గర పెడితే జారి కింద పడింది, అంటే అక్కడ రేకు కాదు, పుట్టీ ఉంది, ఎవరో టింకర్ మేస్త్రి ఎప్పుడో చేసిన ధర్మం. కాలి కింద మ్యాట్ ఎత్తితే నేల కనపడింది. కారు నేల కాదు, షెడ్డు నేల.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగినప్పుడు ఈ షెడ్డులోకి నీళ్ళు వచ్చాయా అని. "రాలేదన్నా, గేటు దాకే వచ్చినాయి" అన్నాడు. తమరి డోరు లోపలి అట్ట మీద జానెడు ఎత్తున అడ్డంగా బురద గీత ఒకటి ఉంది. అది గేటు దాకా వచ్చిన నీళ్ళు గీసిందే అనుకుందాం, గేటు తమరిలోనే ఉందేమో.

సరే, ఒళ్ళు ఏదో అతికిస్తాం. కాగితాలు? సీ బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం, అడిగితే "బీరువాలో ఉండాలన్నా" అన్నాడు. ఆ "ఉండాలి" అనే మాటకి నేను యాభై వేలు తగ్గిస్తాను. బండి ఇంకా పెద్దాయన పేరునే ఉంది, ఆయన పోయి చాలా కాలమైంది. అంటే మరణ ధృవీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుకోలు, ఫారం 31, ఇవన్నీ అయ్యాక బండి కొడుకు పేరుకి వస్తుంది, ఆ తర్వాత ఫారం 29, 30 మీద నా పేరుకి. హైదరాబాదులో ఉండే పెద్దాయన కూతురు సంతకం పెట్టడానికి "ఏంది, నాయన కారు అమ్మేస్తున్నారా, నాకు చెప్పలేదే" అని మొదలుపెడితే ఇక తమరి సంగతి కోర్టే తేల్చాలి. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ 2007లోనే అయిపోయింది. రెన్యువల్ చేయించాలంటే బండి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి, బ్రేకు పట్టాలి, లైటు వెలగాలి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజు 10,000 చేశారు, పైగా ఆలస్యానికి నెలకు 500 అదనం అని 2022 నుంచి నిబంధన. తమరి ఆలస్యం నెలల్లో లెక్కపెట్టడానికి క్యాలిక్యులేటర్ చాలదు, కరణం కావాలి.

పోనీ వింటేజ్ కింద గౌరవం దక్కుతుందేమో చూశాను. 2021లో కేంద్రం ఆ నిబంధనలు తెచ్చింది: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, అప్పుడు వీఏ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు. తమరికి ఆ యోగం 2042లో. అప్పటిదాకా తమరు పురాతనమూ కాదు, వాహనమూ కాదు. కుర్రాళ్ళ దృష్టిలో క్లాసిక్, ఆర్టీఓ దృష్టిలో పెండింగ్, కాటా దగ్గర ఇనుము.

సలహాలిచ్చే వాళ్ళ గురించి కూడా తమరికి చెప్పాలి, ఎందుకంటే వీళ్ళను నా మీదకి ఉసిగొల్పింది తమరే. తమరి ఫొటో ఒకటి ఫోన్లో ఉందని తెలిసిన దగ్గర్నుంచీ ట్రంకు రోడ్డులో టీ తాగనివ్వడం లేదు. ఒకడు ఇన్నోవా ఇంజన్ దించెయ్ మామా అంటాడు. ఇంకొకడు దించితే వీ8యే దించాలి, లేకపోతే తమరికి అవమానం అంటాడు, వాడు ఇంతవరకు స్కూటీకి ఆయిలు కూడా మార్పించలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అనేది ఒకటుందని, ఇంజన్ మార్చాలంటే అనుమతి, సీ బుక్కులో నమోదు ఉండాలని చెబితే "ఎవురు చూస్తారబ్బా" అంటారు. చెక్‌పోస్టులో చూసేది వాళ్ళను కాదు కదా. ఆటోనగర్‌లో మా మేస్త్రి ఒక్కడే సూటిగా మాట్లాడాడు: "ఇంజన్‌కి లక్ష, బాడీకి రెండు, మిగతాదానికి ఎంతనేది నన్ను అడగొద్దు, నిన్ను నువ్వు అడుక్కో." మిగతాది అంటే వైరింగు (ఎలుకలు తినగా మిగిలింది), బ్రేకు సిలిండర్లు, రేడియేటర్, సీట్ల కుట్టు, టైర్లు, అద్దాల చుట్టూ రబ్బరు. వీటిలో మామూలువి దొరుకుతాయి. ముందు గ్రిల్లు, వెనక లైటు, బీడింగు, ఇవి కావాలంటే చెన్నై పుదుపేటలో దుకాణం దుకాణం తిరగాలి, అక్కడ లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్. తమరి తయారీ 2002లో ఆగిపోయింది, ఇక ఆ పైన దొరికేది ఇంకో కాంటెస్సా చస్తేనే.

పెట్రోలు సంగతి పైపైన చెప్పి వదిలేస్తాను, తల్చుకుంటే టెన్షన్. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చారనుకుందాం. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ఇరవై రెండు లీటర్లు, ఒక వైపుకే రెండు వేల నాలుగు వందల దాకా. అదే పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో కూర్చుంటే వేరుశనక్కాయలు కొనుక్కుని కూడా మిగులుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. తమరి కార్బొరేటర్ వాషర్లు, రబ్బరు పైపులు దాన్ని చూసి పుట్టినవి కావు, అది తేమను లాగుతుంది, పాత ట్యాంకులో తుప్పు పెంచుతుంది. పైపులు మార్చి, ట్యాంకు కడిగించి, ఫిల్టర్ వేస్తే నడుస్తుందట. "నడుస్తుందట" అన్నది కూడా మేస్త్రి ఖర్చులో రాయలేదు.

ఇక మా ఇంట్లో. మా ఆవిడ ఫొటో చూసి తమరిని ఏమీ అనలేదు, నన్ను కూడా అనలేదు. "ఎక్కడ పెడతారు?" అని మాత్రం అడిగింది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రెండు స్తంభాల మధ్య మాకున్న చోటులో ఇప్పటి కారు పెట్టి డోరు తియ్యడానికే పక్క ఫ్లాటు వాళ్ళ మంచితనం కావాలి. తమరు నాలుగున్నర మీటర్ల పైన ఉన్నారు, బంపరు వాచ్‌మన్ మంచం మీదకి వస్తుంది. వాచ్‌మన్‌కి అభ్యంతరం లేదట, కారు కింద ఎండ తగలదు కదా సార్ అన్నాడు. పనిచెయ్యని కారు మీద అతనికున్న స్పష్టత నాకు లేదు.

అయినా కొంటారా అంటే, కొంటాను. మజిల్ కార్ రేటు ఇవ్వను, అంతే. తమరిలో నేను కొనేది బాడీ, కాగితాలు. ఇంజన్ కదలదు కాబట్టి దాని విలువ సున్నా, కదిలితే అది నా అదృష్టం, మీ ఓనరు బేరం కాదు. తలుపుల కింద అంచులు, ఫ్లోరు కోసి కొత్త రేకు వేయించే ఖర్చు ధరలోంచి పోవాలి. చాసిస్ నంబరు మీద ఉన్న గ్రీజు నా ముందే తుడవాలి, అది సీ బుక్కులో నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. కలిస్తే లక్షా పది వేలు, కలవకపోతే దారి ఖర్చులు కూడా దండగే. అన్ని సంతకాలు అయ్యి బండి కొడుకు పేరుకి మారాకే డబ్బు, అడ్వాన్స్ అనే మాట ఎత్తొద్దని చెప్పండి. "ఇంకొకరు ఒంగోలు నుంచి చూడ్డానికి వస్తున్నారన్నా" అని కూడా చెప్పొద్దనండి, ప్రతి పాత బండికీ ఒంగోలు నుంచి ఒకాయన వస్తూనే ఉంటాడు, ఇంతవరకు ఎక్కడా చేరలేదు.

ఇట్లు,
తమరిని ఇంకా కొనని విధేయుడు

తా.క.: బ్యాటరీ నేనే తెచ్చుకుంటాను, స్టార్ట్ కాకపోతే తిరిగి తీసుకుపోతాను. కోడి గుడ్లు పొదిగేదాకా ఆగమంటే ఆగుతాను గానీ, ఆ రోజులకి షెడ్డు అద్దె నా లెక్కలో వెయ్యొద్దు.