గట్టు మీద చోటు లేదు

మా పిన్ని కూతురి పెళ్లి శుక్రవారం, వైజాగ్‌లో. గురువారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి తత్కాల్ నేను కొట్టేస్తాలే అని ఇంట్లో అందరి ముందూ గొప్పలు పోయా. స్లీపర్‌కి 11కి కదా ఓపెన్ అయ్యేది, బుధవారం 10:55కే కూకట్‌పల్లిలో మా హాల్లో లాపీ తెరిచి పేర్లు, వయసులు అన్నీ రెడీగా పెట్టుకుని కూర్చున్నా. కరెక్ట్‌గా 11 కొట్టేసరికి ఆ గుండ్రం తిరగడం మొదలెట్టింది, నేను క్లిక్ చేస్తున్నా అది తిరుగుతోంది, మళ్లీ క్లిక్ చేస్తున్నా ఇంకా తిరుగుతోంది, లోపల హార్డ్‌డిస్క్ మాత్రం ఎలక కొరుకుతున్నట్టు కరకర.

ఎవడు ఎంత మింగుతున్నాడో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే అదీ నాట్ రెస్పాండింగ్. ఎట్టకేలకు వచ్చాక చూస్తే మెమరీ 97, డిస్క్ 100, అసలు పని చేయాల్సిన సీపీయూ 8 శాతం. వంటమనిషి ఖాళీగా కూర్చున్నాడు, సామాన్లు మోసేవాడు చస్తున్నాడు!

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ, "ఒరేయ్, అటక మీద గిన్నె దించి పెట్టరా" అని కేక. మా వంటగట్టు జానెడు, నా లాపీలో 4 జీబీ ర్యామ్ లాగే, ఇందాక 97 చూపించిన మెమరీ అదే. పట్టనివన్నీ అటకెక్కుతాయి, అది హార్డ్‌డిస్క్. మామూలుగా ఓఎస్ (అదే, విండోస్) కూడా అమ్మలాగే తెలివిగా సర్దుద్ది, ఈమధ్య వాడినవి గట్టు మీద, వాడనివి పైకి. కానీ నేను 43 ట్యాబులు తెరిచి అన్నీ ఇప్పుడే కావాలంటే అదేం చేస్తుంది పాపం, పోపుడబ్బా దించాలంటే కుక్కర్ పైకెక్కించాలి, మళ్లీ కుక్కర్ కావాలంటే పోపుడబ్బా పైకి, పొద్దస్తమానం స్టూలెక్కి దిగడమే గానీ పొయ్యి వెలిగింది లేదు. థ్రాషింగ్ అంటారు దీన్ని. పీటర్ డెన్నింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే దీని మీద పేపర్ రాశాడు, నేను బీటెక్‌లో 2 మార్కులకి బట్టీ కొట్టి రాసొచ్చా.

లినక్స్ అనే ఇంకో ఓఎస్‌లో అయితే మెమరీ మరీ అయిపోతే ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అని ఒకడు దిగుతాడు, మామూలుగా ఎక్కువ మెమరీ మింగుతున్న ప్రోగ్రామ్‌గాడినే చూసి లేపేస్తాడు. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు కాబట్టి నేనింకా ఉన్నా.

ఒక్కో ట్యాబూ మూసుకుంటూ వస్తే (పాలకోవా రెసిపీ ఒకటి, 2 నెలల కిందటి మ్యాచ్ స్కోరు ఒకటి, ఎవడు తెరిచాడో) 11:09కి పేజీ వచ్చింది. వెయిటింగ్ లిస్ట్ 86.

"అన్ని ఎందుకు తెరిచి పెట్టావురా?" అంది అమ్మ.

"తర్వాత చదువుదామని..."

"అటక మీద నీ బీటెక్ పుస్తకాలూ అందుకేనా?"

నాన్న మాత్రం ఒక్క మాట అనలేదు. సోఫాలో కూర్చునే తన ఫోన్లో బస్సు టికెట్లు నాలుగూ తీసేశాడు.