తాగే మందు దగ్గరే సగం కష్టం

పెద్దపేగు ఆపరేషన్ గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, ఆపరేషన్ తర్వాత ఏం తినాలో వివరంగా రాశారు. ఆపరేషన్ ముందు రోజు మందు తాగి పేగు శుభ్రం చేసుకోవడం మాత్రం ఒక్క వాక్యంలో ముగించారు. మా నాన్నగారు ఎక్కువ ఇబ్బంది పడింది అక్కడే.

రెండు లీటర్ల నీళ్లలో పొడి కలిపి తాగమన్నారు. ఉప్పగా, వెగటుగా ఉందని మొదటి గ్లాసుకే మొహం తిప్పేశారు. ఫ్రిజ్‌లో చల్లబరిచి, స్ట్రా వేసి, పావుగంటకో గ్లాసు చొప్పున తాగించాం. షుగర్, బీపీ, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఏవి ఆపాలో, ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి.

మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టే అవకాశం ఉందంటే, దాని చోటు ముందుగానే గుర్తు పెట్టమనండి. కూర్చోబెట్టి, నిలబెట్టి చూడాలి. నాన్నగారు పంచె ముడి ఎక్కడ వేసుకుంటారో చూపించాకే నర్సమ్మ పెన్నుతో గీత గీసింది. ఆ చిన్న గీత తర్వాత ఎంత మేలు చేసిందో!

ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నడిపిస్తుంటే చూడ్డానికొచ్చిన చుట్టాలు "పాపం, పడుకోనివ్వండి" అన్నారు. దయచేసి అలా అనకండి. నడిస్తే పేగు త్వరగా కదులుతుందంటారు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. దగ్గు వస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకోమన్నారు, నొప్పి బాగా తగ్గింది. మూడో రోజు కింద నుంచి గ్యాస్ పోయిందని, అంటే పేగు మళ్లీ పనిచేస్తోందని నాన్నగారు చెప్పినప్పుడు అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బి వాంతులైనా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.