సున్నా తీసేస్తే ప్రగతి కనిపించింది

పోయినేడు మా జూనియర్ కాలేజీలో ఉత్తీర్ణత 91 శాతం. ఈ ఏడు 93. రెండు శాతమేగా అని పెదవి విరిచేవాళ్ల చేతికి ఎక్సెల్ ఇవ్వకూడదు.

ఛైర్మన్‌గారు ఆ రెండంకెలూ నా ముందు పెట్టి, "పాంప్లెట్‌లోకి ఓ బార్ గ్రాఫ్ వెయ్యవయ్యా" అన్నారు. అంకెలున్న గళ్లన్నీ ఎంచుకుని ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కాను. రెండు మహాస్తంభాలు లేచాయి. వాటి పాదాల దగ్గర చీమల్లా మరో రెండు. చీమలు మా ఉత్తీర్ణత, స్తంభాలు 2024, 2025. సంవత్సరాలు కూడా అంకెలే కదా, ఎక్సెల్ వాటికీ కమ్మీలు కట్టింది. ఆ వరుస నెత్తిన ఉన్న 'సంవత్సరం' అనే మాట చెరిపేసి మళ్లీ నొక్కితే దారికొస్తుంది. చెరపబోతుంటే ఛైర్మన్‌గారు ఆపారు. "ఆ పెద్దవి బాగున్నాయే, ఉంచు." అవి క్రీస్తుశకం సాధించినవి, మనం సాధించినవి కావు అని నచ్చజెప్పేసరికి టీ చల్లారింది.

ఈసారి మెనూలో 'బార్' ఎంచుకున్నాను. కమ్మీలు అడ్డంగా పడుకున్నాయి. నిలబడేవాటిని ఎక్సెల్ 'కాలమ్' అంటుంది, నేను మర్చిపోయాను. "కాలేజీ పడుకుందని ఊరంతా చెప్పుకోవాలా?" అన్నారు సార్. నిజానికి పడుకోవడమే పాత సంప్రదాయం. బార్ గ్రాఫ్‌కు ఆద్యుడైన విలియం ప్లేఫెయిర్ 1786లో అచ్చువేసిన కమ్మీ చిత్రంలో స్కాట్లండ్ ఎగుమతులు, దిగుమతులు అడ్డంగానే ఉంటాయి. పాపం ఆయన దగ్గర ఒక్క ఏడాది లెక్కలే ఉన్నాయట. ఏళ్ల తరబడి సాగే గీత గీయడం కుదరక కమ్మీలతో సరిపెట్టుకున్నాడు. లెక్కలు లేకపోయినా ప్రగతి చూపించే విద్య అప్పటికింకా పుట్టలేదు.

సరే, నిలబెట్టాను. అంకెలు మరీ దగ్గరగా ఉంటే ఎక్సెల్ మనల్ని అడక్కుండానే సున్నాను వదిలేసి, పైనెక్కడో అక్షం మొదలుపెడుతుంది. అంటే తొలి పాపం యంత్రానిది. నాకేమో బడిలో లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. కమ్మీ తన విలువను తన పొడవుతోనే చెబుతుందనీ, కాళ్లు నరికితే పొడవుకి అర్థం ఉండదనీ ఆయన అనేవారు. ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్లి కనిష్ఠం దగ్గర 0 కొట్టాను. కమ్మీలు రెండూ కవలపిల్లలైపోయాయి.

సార్ ముఖం వాడిపోయింది. "సున్నాని ప్రపంచానికిచ్చింది మనమే కదయ్యా. ఇచ్చినవాళ్లం వెనక్కి తీసుకోకూడదా?"

ఈ వాదానికి ఏ గణిత శాస్త్రజ్ఞుడు మాత్రం జవాబు చెప్పగలడు? కనిష్ఠం 90 చేశాను. ఒకటి ఒక మెట్టు, రెండోది మూడు మెట్లు. చూసే కంటికి ఫలితాలు మూడింతలయ్యాయి. "ఇంకొంచెం" అన్నారు సార్. 90.9 కొట్టాను. ఇరవై ఒక్క రెట్లు! ఒక్క విద్యార్థి కూడా అదనంగా పుస్తకం తెరవకుండా సాధించిన ప్రగతి ఇది. దీనికి త్రీడీ కూడా తొడిగితే కమ్మీ పైఅంచు ఏ గీతను తాకుతోందో గీసినవాడు కూడా చెప్పలేడు. తొడిగాం.

సున్నాకు మా కాలేజీలో గౌరవం లేదని మాత్రం అనుకోకండి. పాంప్లెట్ వెనక పేజీలో ఫీజుల గ్రాఫ్ ఉంది. నిరుడు 60,000, ఈ ఏడు 75,000. అక్కడ అక్షం శాస్త్రోక్తంగా సున్నాతోనే మొదలై అయిదు లక్షల దాకా వెళ్తుంది. అంత ఆకాశం కింద రెండు కమ్మీలూ గడ్డిపరకల్లా వినయంగా ఉన్నాయి. తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు ఇదేం ఫీజు పెద్దగా పెరగలేదే అన్నారని అటెండర్ చెప్పాడు.

ఈ సేవకు మెచ్చి సార్ నా జీతం 18,000 నుంచి 18,200 చేశారు. నేను కాస్త నసిగితే, "దానికీ ఓ గ్రాఫ్ వేసి చూసుకో, కనిష్ఠం 18,000 పెట్టు" అన్నారు. పెట్టాను. ఈ ఏటి కమ్మీ అక్షం పైకప్పును తన్నుతోంది. పోయినేటిది అసలు కనిపించలేదు. గ్రాఫ్ ప్రకారం నేను నిరుడంతా ఉచితంగా పనిచేశాను.