రొయ్యల కౌంట్ తప్పితే జవాబు ఎవరు చెప్పాలి?

"ఏఐకి ఫొటో పెట్టు, అడుగు, అదే చెప్పేస్తుంది." ఈ మాట వినని రోజు లేదు ఈ మధ్య. రుషికొండలో ఏసీ గదిలో కూర్చుని అనడం తేలికే. రొయ్యల షెడ్డులో తడి నేల మీద, రైతు ఎదురుగా నిలబడి అనగలరా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వనామీ రొయ్యకి ధర కౌంట్‌ని బట్టి ఉంటుంది. కిలోకి 50 తూగితే 50 కౌంట్. కౌంట్ పెరిగిందంటే రొయ్య చిన్నదని లెక్క, ధర పడిపోతుంది. పది కౌంట్ తేడా వస్తే కిలోకి పదుల రూపాయలు పోతాయి. లోడు టన్నుల్లో ఉంటుంది. పంటకి అప్పు తెచ్చినవాడికి ఆ తేడా ఏమిటో మీరే ఊహించుకోండి.

మేం ఆ కౌంట్ ఫొటోతో తీయాలనుకున్నాం. కిలో శాంపిల్ ట్రేలో పరిచి, డబ్బు కట్టి వాడే, లోపల ఏముందో కంపెనీ బయటపెట్టని, దాని సర్వర్ల మీదే నడిచే ఒక పెద్ద క్లోజ్డ్ ఏఐ మోడల్‌కి పంపాం. 62 అంది. చేత్తో లెక్కపెడితే 54. అదే ఫొటో మళ్లీ పంపితే 58. పక్కనే రొయ్యలు వలుస్తున్న పెద్దమ్మ తొంగి చూసి, "అది మీసాలు లెక్కెడతంది బాబూ, రొయ్యల్ని కాదు" అంది. ఆవిడ మాట అక్షరాలా నిజం. ఒకదాని మీద ఒకటి పడి మీసాలూ కాళ్లూ చిక్కుపడిన చోటే తేడా వస్తోంది.

ఓపెన్ మోడళ్లు, అంటే ఫైళ్లు దించుకుని మన కంప్యూటర్లోనే నడుపుకోగలిగేవి, దీన్ని ఇట్టే చేసేస్తాయని నేననడం లేదు. గూగుల్ విడుదల చేసిన జెమ్మా 3నే చూడండి. ఫొటోని 896×896 పిక్సెళ్లకి కుదించి, మొత్తం బొమ్మని 256 టోకెన్లలో, అంటే మోడల్ చదివే చిన్న ముక్కల్లో, సర్దుతుంది. నూరు రొయ్యలున్న ట్రేలో ఒక్కోదానికి దక్కేది రెండున్నర టోకెన్లు, అందులో ట్రే అంచూ, ఐసూ కూడా కలిపి. ఇంక లెక్క ఎలా కుదురుతుంది? కానీ ఎందుకు కుదరడం లేదో మనకి తెలిసింది, ట్రే ఫొటోని నాలుగు ముక్కలుగా కోసి పంపాలన్న ఆలోచన వచ్చింది. లోపల ఏముందో తెలిస్తేనే కదా మరమ్మతు.

2024 సెప్టెంబరులో అలెన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఏఐ అనే పరిశోధన సంస్థ మోల్మో అనే మోడల్ ఇచ్చింది. అడిగిన వస్తువు ఎక్కడుందో బొమ్మ మీద చుక్క పెట్టి చూపించడం దానికి నేర్పారు. చుక్క పెట్టి లెక్కపెట్టడమంటే మన పెద్దవాళ్లు వేలు పెట్టి లెక్కపెట్టినట్టే. వెయిట్స్‌తో (మోడల్ నేర్చుకున్నదంతా దాగి ఉండే అంకెలతో) పాటు ఏ డేటాతో నేర్పారో అదీ ఇచ్చారు. నా దృష్టిలో ఓపెన్ అంటే అది. వెయిట్స్ మాత్రం ఇచ్చి, పక్కన షరతుల కాగితం పెట్టే మెటా కంపెనీ లామా లాంటివాటిని కూడా అదే పేరుతో పిలవడం నాకు నచ్చదు. ఫొటోలో వస్తువుల్ని గుర్తించే యోలో మోడల్ సంగతీ చూసుకోండి. అల్ట్రాలిటిక్స్ కంపెనీ ఇచ్చే వెర్షన్లకి ఏజీపీఎల్ లైసెన్సు ఉంది. దాన్ని కలిపి ప్రొడక్టు అమ్మితే మన కోడ్ కూడా బయటపెట్టాలి, లేదా వాళ్ల దగ్గర వేరే లైసెన్సు కొనాలి. ఇది చదవకుండా షెడ్డుల్లో పెట్టేస్తున్న కుర్రాళ్లని చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

క్లోజ్డ్ మోడళ్లు గెలిచిన చోటు కూడా చెప్పాలి. లారీతో వచ్చే చేతిరాత చీటీలు, తెలుగులో గొలుసుకట్టు రాత, సగం తడిసినవి. మేం ప్రయత్నించిన ఓపెన్ మోడళ్లన్నిటికంటే క్లోజ్డ్ మోడలే బాగా చదివింది. రెండు నెలలు దాన్నే వాడాం. ఒక రోజు పొద్దున్న నుంచి అవే రకం చీటీలకి జవాబులు తేడాగా రావడం మొదలైంది. చెరిగిపోయిన అంకె దగ్గర "కనబడడం లేదు" అనే మోడల్, ఏదో ఒక అంకె నింపేస్తోంది. మేం ఒక్క అక్షరం మార్చలేదు. అదే పేరు వెనక మోడల్ మారిపోయింది. ఎవరిని అడుగుతాం? మా డిస్కులో ఉన్న ఫైలైతే మేం మార్చేదాకా మారదు.

"గూగుల్ డేటా సెంటర్ మన వైజాగ్‌కే వస్తోంది, ఇంక నీకెందుకు బెంగ" అంటారు. 2025 అక్టోబరులో ప్రకటించారు, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు. రానివ్వండి, సంతోషం. కానీ సర్వర్లు మన ఊళ్లో ఉన్నంత మాత్రాన మోడల్ మన చేతికి రాదు. ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి ఫోన్లు పలకని ఊరు మనది. కోల్డ్ స్టోరేజీ కోసం షెడ్డులో జనరేటర్ ఎలాగూ ఉంటుంది, ఓపెన్ మోడల్ పెట్టుకున్న కంప్యూటర్ దాని మీద నడుస్తుంది. నెట్ లేకపోతే క్లోజ్డ్ మోడల్ లేనట్టే.

చివరికి మేం చేసింది ఇదీ. మెటా 2023లో ఇచ్చిన సామ్ అనే మోడల్‌తో రొయ్య రొయ్యకీ అంచు గీయించాం, తప్పులు పెద్దమ్మతో కూర్చుని చేత్తో దిద్దాం, ఆ ఫొటోలతో ఒక చిన్న మోడల్‌కి నేర్పాం. దానికి కవిత్వం రాదు, తెలుగూ రాదు. రొయ్యని మాత్రం గుర్తుపడుతుంది. ప్రతి రొయ్య మీదా ఒక చుక్క పెట్టి తెర మీద చూపిస్తుంది.

మొన్న భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక రైతు తెరకి దగ్గరగా వంగి, చుక్కలన్నీ వెతికి, "ఇదిగో, దీని మీద రెండు పడ్డాయి" అని వేలు పెట్టి చూపించాడు. నిజమే. 53 అని దిద్దాం.