నాయకుడికి దండలు, కూలీలకు మరుపు

అక్టోబరు 2 వస్తే చాలు, తిరుపతిలో, చిత్తూరులో గాంధీ విగ్రహాలు కడిగి దండలు వేస్తారు. ఫొటోలు దిగుతారు. ఆయన వెంట వేల మంది కూలీలను నడిపించిన 1913 నాటి దక్షిణాఫ్రికాలోని నేటాల్ సమ్మె గురించి మాత్రం ఆ సభల్లో ఒక్క ముక్క వినపడదు. దక్షిణాఫ్రికాకు కూలీలను పెద్ద సంఖ్యలో పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాకు చిత్తూరే కేంద్రం. అయినా సమ్మె చేసినవాళ్ల పేరు మీద ఇక్కడ ఒక రాయి కూడా కనిపించదు.

1860లో తొలి కూలీలతో ట్రూరో ఓడ మద్రాసు నుంచి నేటాల్ రేవు డర్బన్ చేరిన నాటి నుంచి జరిగిన కథ తెలిసిందే. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల కూలి. గడువు తీరాక స్వేచ్ఛగా అక్కడే బతుకుదామంటే తలకు ఏడాదికి 3 పౌన్ల (60 షిల్లింగుల) పన్ను. అంటే ఆరు నెలల కూలి! 16 దాటిన కొడుక్కీ, 13 దాటిన కూతురికీ కట్టాల్సిందే. ఆ పన్ను మీదే 1913 అక్టోబరులో నేటాల్‌లోని న్యూకాసిల్ బొగ్గు గనుల్లో కూలీలు పని ఆపేశారు.

నవంబరు 6న 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు పక్క రాష్ట్రం ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు గాంధీ వెంట నడిచారు. మనిషికి రోజుకు ఒకటిన్నర పౌన్ల బరువు రొట్టె, ఔన్సు చక్కెర, అంతే. అంతకుముందు న్యూకాసిల్ నుంచి సరిహద్దు ఊరికి వచ్చే దారిలోనే ఇద్దరు పసిబిడ్డలు పోయారు. ఒకరు చలికి, ఇంకొకరు వాగు దాటుతుండగా తల్లి చేతుల్లోంచి నీళ్లలోకి జారిపోయి. ఆ తల్లులు వెనక్కి తిరగలేదు. తర్వాత అందర్నీ రైళ్లెక్కించి వెనక్కి పంపారు. గని ఆవరణలనే జైళ్లు చేసి, గని సిబ్బందినే వార్డర్లుగా పెట్టారు.

గాంధీ విగ్రహాలున్నాయిగా, మళ్లీ వేరే స్మారకం ఎందుకని కొందరు అంటారు. ఖర్చు మాటా ఎత్తుతారు. ఈ వాదన నిలవదు. గాంధీ జైల్లో ఉండగానే సమ్మె చెరకు తోటలకు పాకింది. ఆయన పిలుపు కోసం ఎదురుచూడకుండా వేల మంది చెరకు నరికే కత్తులు కింద పెట్టారు. పోలీసు తూటాలకు ప్రాణాలిచ్చారు. 1914లో పన్ను రద్దయింది. ఆ గెలుపు కూలీలది. నాయకుడికి మొక్కి కూలీలను మరిచిపోవడం కపటం, అదీ ఆ నాయకుడి పేరుతోనే చేయడం మరీ కపటం. సత్యాగ్రహంలో జైలుకెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న నాగప్పన్, వల్లియమ్మల స్మారక శిలలను 1914 జులైలో జొహానెస్‌బర్గ్ శ్మశానంలో ఆవిష్కరించింది గాంధీయే. ఆయనకున్న ఇంగితం ఆయన విగ్రహాలకు దండలు వేసేవాళ్లకు లేకపోయింది.

ఇంకో మాట. 2025 నవంబరు 21ని కార్మికులకు వేరే గుర్తు చేయనక్కర్లేదు. ఆ రోజు అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కేంద్ర కార్మిక చట్టం ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. సగం మంది కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. న్యూకాసిల్ కూలీలు ఏ నోటీసూ ఇవ్వలేదు. పని మానితే నేరమనే చట్టం కిందే మానారు. వాళ్లను పొగుడుతూ ఈ కోడ్‌ను సమర్థించడం కూడా అదే కపటం.

ఆ కూలీల ఊరు, తాలూకా, తండ్రి పేరు, ఒంటి మీది పుట్టుమచ్చలు సైతం ఓడల జాబితాల్లో రాసి ఉన్నాయి. ఉత్తర ఆర్కాటు పేర్లు తీయించి, చిత్తూరు కలెక్టరేట్ ఆవరణలో రాతి మీద చెక్కించాలి. వాళ్లు చేసింది సమ్మె అని స్పష్టంగా రాయాలి. 'వలస కూలీల కష్టం' అని సరిపెట్టి, పైన మళ్లీ గాంధీ బొమ్మ నిలబెడితే ఒప్పుకోం. రోడ్ల మీద, కూడళ్లలో విగ్రహాలకు అనుమతి వద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో చెప్పింది. సొంత పార్టీ నాయకుల విగ్రహాలకు కూడళ్లు వెతికేటప్పుడు ఎవరికీ గుర్తురాని ఆ ఉత్తర్వు, ఈ కూలీల రాయి దగ్గరికొచ్చేసరికి గుర్తొచ్చిందని చెబితే ప్రజాప్రతినిధులారా, మేం నమ్మం.